జిద్ కాదు, జిల్ద్

ఉర్దూలో జిద్ అంటే మొండిపట్టు. జిల్ద్ అంటే చర్మం. ఉర్దూ లిపిలో రాస్తే ఈ రెండు లఫ్జ్‌లకూ చుట్టరికమే లేదు. ఒకటి జ్వాద్‌తో మొదలవుతుంది, ఇంకొకటి జీమ్‌తో. తెలుగులో రాస్తే మాత్రం మధ్యలో ఒక్క 'ల' వచ్చి చేరుతుంది, అంతే తేడా. ఉర్దూ మీడియంలో బడి చదువు, తెలుగులో డిగ్రీ వెలగబెట్టినవాణ్ని కాబట్టి ఇలాంటివి నా కంటికి తగులుతుంటాయి. మా ఇళ్లలో తానం పేరెత్తితేనే గొంతు చించుకునే పిల్లలకు అందరూ మొదటి లఫ్జ్ అంటగడతారు. 'బడా జిద్దీ హై' అని. చూడాల్సింది రెండో లఫ్జ్‌ని అని నా వాదన.

నా చెల్లెలి కొడుకు, నా భాంజా, వాడికి ఎనిమిదేళ్లు. యాకుత్‌పురాలో రెండు గదుల కిరాయి పోర్షన్. గుస్ల్‌ఖానా, బైతుల్‌ఖలా ఒకే ఇరుకు గది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. మూడేళ్లప్పటి నుంచీ వాడికి తానం అంటే ఖయామత్. నెత్తిన మగ్గు నీళ్లు పడగానే ఒంటిమీద నిప్పులు పోసినట్టు అరిచేవాడు. గోరువెచ్చటి నీళ్లే, వాళ్లమ్మ మోచేయి ముంచి చూసిన నీళ్లే. సబ్బు నురగ మెడకు తగిలితే వణుకు. తుడిచేటప్పుడు మళ్లీ అరుపు. గల్లీలో వాళ్లకు ఆ అరుపు అలవాటైపోయింది గానీ, కొత్తగా కిరాయికి వచ్చినవాళ్లు మాత్రం తలుపు కొట్టి 'బచ్చేకో కైకూ మార్‌రే' అని అడిగేవాళ్లు.

నిజానికి కొట్టింది తక్కువ. పట్టుకున్నది ఎక్కువ. బహనోయి రెండు చేతులూ పట్టుకునేవాడు, దాదీ నీళ్లు పోసేది. ఆమెను తప్పు పట్టను. ఏడుగురు పిల్లల్ని కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రుద్ది, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి పెంచిన మనిషి. ఆమె అనుభవంలో పిల్లాడు మొదట ఏడుస్తాడు, తర్వాత హాయిగా నిద్రపోతాడు. ఏడుగురి విషయంలో అది నిజమే. ఈ ఒక్కడి విషయంలో కాదు. వాడు నిద్రపోడు. మర్నాటి తానం గురించి అప్పుడే భయపడటం మొదలుపెడతాడు.

ఆ భయం మెల్లగా తానం దాటి గదికి పాకింది. రెండూ ఒకే గది కదా. వాడు దొడ్డికి వెళ్లడం మానేశాడు. రెండు రోజులు, మూడు రోజులు ఆపుకునేవాడు. కడుపునొప్పి, తిండి సయించకపోవడం. ముందు నులిపురుగుల మందు, తర్వాత విరేచనాల సిరప్. డాక్టర్ దగ్గర మా చెల్లెలు తానం సంగతి చెప్పలేదు, రెండింటికీ తఅల్లుక్ ఉంటుందని ఆమెకెలా తెలుస్తుంది? ఈలోగా బడి నుంచి కబురు, పిల్లాడి దగ్గర వాసన వస్తోంది, పక్కన కూర్చోబెడితే మిగతా తల్లిదండ్రులు అంటున్నారు అని. బడి పేరు నేనెత్తను. కబురు తల్లికే వచ్చింది, తండ్రికి రాలేదు. అది మాత్రం రాస్తాను.

మన దగ్గర పిల్లాడి ఒంటి శుభ్రత అంటే తల్లి సలీఖా. పిల్లాడి నడవడి అంటే తల్లి తర్బియత్. తానానికి ఏడ్చే పిల్లాడు ఈ రెండు ఇల్జామ్‌లనూ ఒకేసారి ఆమె నెత్తిన పోస్తాడు. మా చెల్లెలు రెండేళ్లపాటు దావత్‌లు మానేసింది. షాదీలకు వెళ్లాలంటే ముందు వాడికి తానం పోయించాలి, పోయిస్తే రోజంతా పాడు, పోయించకపోతే నలుగురిలో నోళ్లు. నజర్ తగిలిందని ఫుప్పమ్మ, గుస్ల్‌ఖానాలో జిన్నాత్ సాయా ఉందని ఇంకెవరో. తావీజ్ కట్టించారు. నమ్మకాల జోలికి నేను పోను గానీ, ఒక సంగతి చూశాను. తావీజ్ నల్లదారం నీళ్లలో తడిసి మెడకు అతుక్కుంటుంటే వాడు దాన్ని పీక్కునేవాడు, పీక్కుంటే 'చూశారా, సాయా ఉంది కాబట్టే తీసేస్తున్నాడు' అనేవాళ్లు. తడి దారం మెడకు గుచ్చుకుంటోందని ఎవరికీ తోచలేదు.

బడిలో మాకు హవాస్-ఎ-ఖంసా అని చెప్పారు, తెలుగులో పంచేంద్రియాలు. చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శ. ఆ అయిదింటితో లెక్క తెగదు. లోపలి చెవిలో తూకం చూసే వ్యవస్థ ఒకటుంది, తల ఎటు వంగిందో, ఒళ్లు పడిపోతోందో అదే చెబుతుంది. కండరాల్లో, కీళ్లలో ఇంకొకటి, కళ్లు మూసుకున్నా చెయ్యి ఎక్కడుందో తెలిసేది దానివల్ల. ఆకలి, దప్పిక, దొడ్డికి రావడం లాంటి లోపలి కబుర్లు మోసుకొచ్చేది మరొకటి. ఇవన్నీ మెదడుకు నిమిషం ఖాళీ లేకుండా కబుర్లు పంపుతూనే ఉంటాయి. మెదడు వాటిలో పనికొచ్చేవి ఉంచుకుని, మిగతావి గుమ్మంలోనే ఆపేస్తుంది. ఇప్పుడు మీ ఒంటిమీద చొక్కా ఉందన్న సంగతి నేను చెప్పేదాకా మీకు గుర్తులేదు, అవునా? ఆ గుమ్మంలో దర్బాన్ సరిగా పనిచేయని పిల్లలుంటారు. అన్నీ లోపలికి వచ్చేస్తాయి, వచ్చినవన్నీ పెద్ద గొంతుతో వస్తాయి.

అలాంటి పిల్లాణ్ని గుస్ల్‌ఖానాలోకి తీసుకెళ్లి చూడండి. నాలుగు వైపులా టైల్స్, చిన్న చప్పుడు కూడా గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. ఖాళీ ప్లాస్టిక్ బకెట్లో నల్లా ధార పడుతుంటే డప్పు వాయించినట్టు. పైన ఎగ్జాస్ట్ ఫ్యాను. సబ్బు వాసన, ఫినాయిల్ వాసన. కాళ్ల కింద తడి, జారుడు. బట్టలు విప్పగానే చలి, నీళ్లు పడగానే వేడి, నీళ్లు ఆగగానే మళ్లీ చలి. తల వెనక్కి వంచితే లోపలి చెవి 'పడిపోతున్నావ్' అని అరుస్తుంది. వీటన్నిటి మీద, చెప్పాపెట్టకుండా పైనుంచి మగ్గు నీళ్లు. ఇన్ని ఒకేసారి మీద పడితే ఎనిమిదేళ్లవాడు ఏం చేయాలి, సలాం చేయాలా?

ఈ సంగతిని మొదట పద్ధతిగా పట్టించుకున్నది అమెరికాలో, కాలిఫోర్నియాకు చెందిన జీన్ ఎయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు. 1972లో ఆమె పుస్తకం వచ్చింది. ఇంద్రియాల కబుర్లను మెదడు ఎలా కలిపి కుడుతుంది, కుట్టు సరిగా పడకపోతే పిల్లల చదువు, నడత ఏమవుతాయి అన్నది ఆమె పని. ఆటిజం ఉండి, పశువుల శాస్త్రంలో ప్రొఫెసర్ అయిన టెంపుల్ గ్రాండిన్ తన బాల్యం గురించి రాస్తూ, షాంపూతో తల రుద్దడం తనకు నిజంగానే నొప్పి పుట్టించేదని, రుద్దే వేళ్లు ఆమెకు అంగుస్తానా తొడిగిన వేళ్లలా తోచేవని చెప్పుకున్నారు. దర్జీ వేలికి పెట్టుకునే ఆ ఇనుప టోపీ మీకు తెలుసు కదా. అలాంటి వేళ్లతో మాడు రుద్దితే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి.

దీనికి జబ్బు పేరు పెట్టాలా వద్దా అన్నదాని మీద డాక్టర్లలోనే ఇఖ్తిలాఫ్ ఉంది. 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రీ వాళ్ల డీఎస్ఎం-5లో ఇంద్రియాల అతి స్పందననూ, తక్కువ స్పందననూ ఆటిజం లక్షణాల్లో చేర్చారు. విడిగా ఒక జబ్బుగా మాత్రం ఒప్పుకోలేదు. అంతకుముందు ఏడాదే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, ఈ పేరుతో విడిగా నిర్ధారణ రాయొద్దని తన డాక్టర్లకు చెప్పింది. ఎయర్స్ పద్ధతి థెరపీ ఎంత పనిచేస్తుందన్నదానిపైనా బహస్ నడుస్తూనే ఉంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మన షహర్‌లో సెంటర్ బోర్డు పెట్టి, మొదటి రోజే పెద్ద పేరు చెప్పి, ఏడాది ప్యాకేజీ అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. సాయా అన్నవాళ్లకూ వీళ్లకూ నాకు పెద్ద తేడా కనబడదు, రసీదు ఇస్తారన్న తేడా తప్ప. పేరు తేలేదాకా ఆగాల్సిన పని లేదు. పిల్లాడికి నొప్పి పుడుతోందని ఒప్పుకోవడానికి ఏ సర్టిఫికెట్ కావాలి?

ఒక జాగ్రత్త మాత్రం. పుట్టినప్పటి నుంచీ ఇలా ఉన్న పిల్లాడు వేరు, మొన్నటిదాకా నీళ్లలో ఆడుకుని హఠాత్తుగా తానానికి భయపడుతున్న పిల్లాడు వేరు. రెండోవాడి సంగతిలో చెవిలో చీము, చర్మం మీద పుండ్లు, మూత్రంలో మంట ఉన్నాయేమో చూపించాలి. తానం ఎవరు పోయిస్తున్నారో, వాళ్లతో ఒంటరిగా ఉన్నప్పుడు ఏం జరుగుతోందో కూడా మెల్లగా తెలుసుకోవాలి. రిపోర్టర్‌గా ఇరవై ఏళ్లు పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగినవాణ్ని, ఈ మాట ఊరికే రాయడం లేదు.

ఇక ఇంగ్లిష్ సలహాలు. చదివితే అన్నీ బాత్‌టబ్‌తో మొదలవుతాయి. టబ్ నింపు, బొమ్మలు వెయ్, షవర్ హ్యాండిల్ పిల్లాడి చేతికివ్వు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే గల్లీలో టబ్ ఎక్కడిది? ఇది మనకు కాదని పక్కన పెట్టేస్తాం. నేను అనేదేమిటంటే, ఈ పిల్లల సంగతిలో మన బకెట్, మగ్గు వాళ్ల టబ్ కన్నా మెరుగు. షవర్ ఆగకుండా పడుతూనే ఉంటుంది. మగ్గు ఒకటి పడి ఆగుతుంది. ఎన్ని పడతాయో లెక్క పెట్టొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, మగ్గు పిల్లాడి చేతిలో పెట్టొచ్చు. మన నీళ్లు మన చేత్తో పోసుకుంటే అంత ఉలికిపాటు ఉండదు. ఎవరి వేలు వాళ్లకు చక్కిలిగింత పెట్టలేదు కదా, అలాగే.

మా చెల్లెలింట్లో మార్పు మగ్గు చేతులు మారడంతో మొదలైంది. పది మగ్గులు అని ముందే ఒప్పందం. పాదాల నుంచి మొదలు, మోకాళ్లు, చేతులు, పొట్ట, భుజాలు. తల అసలు లేదు, తల వేరే రోజు. వాడే పోసుకుంటాడు, వాడే లెక్కపెడతాడు. ఏక్, దో, తీన్. పదోది పడగానే అయిపోయినట్టే. సబ్బు మెడ దగ్గర సరిగా పోలేదా, పోకపోనీ. ఇక్కడే దాదీకీ మా చెల్లెలికీ పెద్ద జంగ్ నడిచింది. 'బస్, ఏక్ ఔర్' అని పదకొండోది పోసేయడం పెద్దవాళ్లకు చాలా తేలిక. అరె, ఒక్క మగ్గే కదా. ఆ ఒక్క మగ్గుతో వాదా విరిగిపోతుంది. రేపు పది అంటే వాడు నమ్మడు, గుమ్మం దగ్గరే అరుపు మొదలెడతాడు. సబ్బు రేపు కడుక్కోవచ్చు, పోయిన ఏత్‌బార్ కోసం నెలలు పడుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఒక్క మాట ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను. పెద్దవాళ్లు పిల్లలకు ఇచ్చిన మాటను మాటగా లెక్కించరు మన దగ్గర. 'ఇంజెక్షన్ వేయరు, ఊరికే చూస్తారు' అని దవాఖానాకు తీసుకెళ్లే ఖౌమ్ మనది. అన్ని ఖౌమ్‌లూ అంతేననుకోండి.

మిగతావి చిన్న చిన్న ఉపాయాలు. నల్లాకు పైపు తగిలించి, దాని కొస బకెట్ అడుగున నీళ్లలో మునిగి ఉండేలా పెడితే ధార చప్పుడు దాదాపు పోతుంది. వాడు లోపలికి రాకముందే నీళ్లు సిద్ధంగా ఉంటే ఇంకా మేలు. కరెంటు రాడ్‌తో నీళ్లు కాచేవాళ్లు ప్లగ్ పీకి, రాడ్ బయటపెట్టాకే పిల్లాణ్ని పిలవాలి, ఇది వీళ్లకే కాదు అందరికీ. ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపాలి. తలుపు మూయకుండా పర్దా వేస్తే చాలు. కింద రబ్బరు చాప, కూర్చోవడానికి పీట, కాళ్లు నేలకు గట్టిగా ఆనితే పడిపోతానన్న భయం తగ్గుతుంది. వాసన లేని సబ్బు. సగం బకెట్ నీళ్లు వాడి చేతనే మోయించడం మా చెల్లెలికి ఎవరో థెరపిస్టు చెప్పిన సంగతి. బరువు మోస్తే, గోడను తోస్తే కండరాలకు పని దొరికి, ఇలాంటి పిల్లల్లో చాలామంది ఒళ్లు నెమ్మదిస్తుందట. వాడి విషయంలో పనిచేసింది.

తుడవడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ నీళ్ల గురించే ఆలోచిస్తారు. ఈ పిల్లల్లో చాలామందికి తేలికగా తగిలితే బాధ, గట్టిగా అదిమితే హాయి. మనం ముద్దుగా మెల్లగా రాస్తాం, వాళ్లకు అది చీమలు పాకినట్టు. కాబట్టి రుద్దకుండా, బట్ట చుట్టి రెండు అరచేతులతో అదిమి అదిమి తడి తీయాలి. వాడికి టర్కీ టవల్ పడలేదు. నానీ పాత దుపట్టా పడింది, వందసార్లు ఉతికి మెత్తబడినది. కొత్తది కొనిపెట్టాలని నేను తెచ్చిన ఖరీదైన టవల్ ఇప్పుడు గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకోవడానికి పడి ఉంది. ఇంకో పిల్లాడికి ఆ గరుకు టవలే ఇష్టం కావచ్చు. నీళ్లలోంచి బయటికే రాని పిల్లలూ ఉంటారు, స్పర్శ ఎంత దొరికినా చాలనివాళ్లు. వాళ్లనూ మనం జిద్దీ అనే అంటాం.

తల సంగతి ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. వెనక్కి వంచకుండా ముందుకు వంగి, కళ్లకు మడిచిన బట్ట అదుముకుంటే వారానికోసారి ఒప్పుకుంటున్నాడు. క్షవరం అయితే అది వేరే జంగ్, ఆ మిషన్ రొద గురించి ఇంకోసారి రాస్తాను.

దీన్ మాట కూడా వస్తుంది కాబట్టి ఒక్క ముక్క. జుమా రోజు పిల్లాడికి గుస్ల్ చేయించకపోతే ఎలా అని అడిగే బుజుర్గ్‌లున్నారు. బాలిగ్ కాని పిల్లాడి మీద గుస్ల్ ఫర్జ్ కాదన్న సంగతి వాళ్లకూ తెలుసు. నీళ్లు వాడలేని బీమార్ పెద్దవాళ్లకే తయమ్ముమ్ అనే ఆసానీ ఇచ్చిన దీన్ మనది. తడిబట్టతో ఒళ్లు తుడిచిన పిల్లాణ్ని నాపాక్ అన్నట్టు చూడటం షరీఅత్ నుంచి వచ్చింది కాదు, లోగ్ క్యా కహేంగే నుంచి వచ్చింది.

సర్కారు వైపు నుంచి దారులు లేకపోలేదు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల్ స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్ని చూడటానికి జిల్లాల్లో సత్వర చికిత్స కేంద్రాలు పెట్టారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం ఒకటి. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా కూడా ఆటిజం ఉన్నవాళ్లకు వర్తిస్తుంది, లక్ష రూపాయల దాకా. అడ్డంకి ఎక్కడంటే జబాన్ దగ్గర. మా చెల్లెలు నింపిన ఫారాలన్నీ ఇంగ్లిష్‌లోనే. ఇంటికి ఇచ్చిన సూచనల కాగితమూ ఇంగ్లిష్‌లోనే, దాన్ని నేను కూర్చుని ఉర్దూలో రాసిచ్చాను. పిల్లాడితో దక్కనీ మాట్లాడే తల్లిని 'ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడండి' అని ఒకరు తేలికగా చెప్పి పంపారు. ఆమెకు రాని భాషలో కొడుకును ఎలా ఓదార్చాలి? ఉర్దూ రెండో అధికార భాషగా ఉన్న రాష్ట్రం ఇది. నాలుగు పేజీల కాగితం ఉర్దూలో, నాలుగు పేజీలు తేట తెలుగులో అచ్చేస్తే ఖజానా ఖాళీ అయిపోదు. సబ్బు ఎలా పెట్టాలి, ఎలా తుడవాలి, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అంగన్‌వాడీ టీచర్ల చేతికీ, బడి ఆయాల చేతికీ, తల్లికి కబురు పంపే హెడ్‌మాస్టర్ చేతికీ ఆ కాగితం చేరాలి.

ఇప్పుడు వాడు రోజు విడిచి రోజు తానం చేస్తున్నాడు, నల్లా వచ్చే రోజునే. అరుపు లేదని కాదు, తగ్గింది. బైతుల్‌ఖలాకు భయం లేకుండా వెళుతున్నాడు, సిరప్ ఆగింది. దాదీ తనంతట తానే పీట తెచ్చి వేస్తుంది గానీ, వాడు జిద్దీ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. రంజాన్ పండక్కి కొత్త బట్టలు ఇంకో తంటా. దుకాణంలో కొన్న కుర్తాకు మెడ వెనక ట్యాగ్, లోపల గుచ్చుకునే కుట్లు, గంజి పెట్టిన కాలర్. ఈసారి గల్లీ దర్జీ దగ్గరికి వెళ్లి, మెత్తటి కాటన్, కాలర్ వద్దు, లోపలి కుట్లన్నీ మడిచి కుట్టు అని చెప్పాం. ఎందుకని అడగలేదు. కుట్టుకూలి యాభై రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు.